చేసినవాడే చెయ్యెత్తాలి

డ్రైవరుకి అనుమానం మొదలైంది ఖాళీ వ్యానుతో.

ఆరేళ్ళుగా శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఐదుగురూ అతని పాత వ్యానులోనే చర్చికి వెళ్ళేవాళ్ళు. ముందు సీట్లో బావ. అంటే డ్రైవరు అక్క మొగుడు, కుళాయిలూ గొట్టాలూ బాగుచేసే మనిషి, జట్టుకి కెప్టెను. వెనక సీట్లో ఒక కిటికీ పక్కన లెక్కల మాస్టారు, రెండో కిటికీ పక్కన బస్సు డిపో మెకానిక్కు, వాళ్ళిద్దరి మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని బేకరీ పొడుగోడు. చర్చి హాల్లో జరిగే బాస్కెట్‌బాల్ లీగులో వాళ్ళదొక జట్టు. గెలిచింది తక్కువే అయినా వ్యానులో మాత్రం ఎప్పుడూ గెలిచినవాళ్ళలాగే గోల చేసేవాళ్ళు.

నెలరోజుల నుంచి ఆ గోల లేదు. మాస్టారు నడిచి వస్తానన్నారు, డాక్టరు నడవమన్నాడట. వీధి చివర దుకాణానికి కూడా స్కూటరేసుకుని వెళ్ళే మనిషికి ఉన్నట్టుండి నడక మీద మనసెలా పోయిందో. పొడుగోడు బేకరీ నుంచి అటే వస్తానన్నాడు. మెకానిక్కు సైకిలు కొన్నాడు. మిగిలింది బావ ఒక్కడు. ఆయనైనా కుదురుగా కూర్చుంటాడా అంటే, అదీ లేదు. ఎడమపక్క సైకిలు, ఎడమపక్క గేటు, ఎడమపక్క ముసలాయన అంటూ దారి పొడుగునా వల్లెవేస్తాడు. నడుపుతున్నది నువ్వా నేనా అని డ్రైవరు ఒకసారి కసిరితే, ఏదో ఊసుపోక అన్నానంటూ నీళ్ళు నమిలాడు.

డ్రైవరు ఊరికే అనుమానపడే మనిషి కాదు. అలా అని అతను అనుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. బండికి గీత పడనివ్వనందుకు డిపోవాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం ముందుగదిలో, వచ్చినవాళ్ళ కంటికి ముందు అదే తగిలే చోట, పటం కట్టి ఉంది. అలాంటివాడి బస్సుకి ఈ ఏడాది మూడు గీతలు పడ్డాయి. మూడూ ఎడమ పక్కే. తను గీయలేదని అతనికి తెలుసు. బండి దేనికైనా రాసుకుంటే డ్రైవరుకి తెలియకపోవడమనేది ఉంటుందా? ఆసుపత్రి రూటు మంచి రూటు, దాని మీద కన్నేసినవాళ్ళు డిపోలో చాలామందే ఉన్నారు. ఎవరో బండి నిలిపి ఉన్నప్పుడు గీస్తున్నారు. నాలుగో గీత పడితే విచారణ. నెలాఖరున ముప్పయ్యో తారీఖున డ్రైవర్లకి ఏటేటా జరిగే తనిఖీ ఎలాగూ ఉంది. ఈ రెంటిలో ఏది తేడా కొట్టినా స్టీరింగు చేజారుతుంది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. సెలవు రోజున కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ అంచుని పట్టుకుని కూర్చునే మనిషి, స్టీరింగు పోతే ఏమైపోతాడు?

కాబట్టి తన ఉద్యోగానికి ఎసరు పెడుతున్నది ఎవరా అని అతను కూపీ లాగడం మొదలుపెట్టాడు. లాగినకొద్దీ తీగ తన జట్టు వైపే వచ్చింది.

మొదటిది, అద్దం. ఒక సోమవారం పొద్దున బస్సెక్కేసరికి ఎడమ అద్దం కింద ఇంకో చిన్న గుండ్రటి అద్దం బిగించి ఉంది. బిగించింది మెకానిక్కే. కొత్త ఆర్డరన్నా అన్నాడు, తల బానెట్లోనే ఉంచి. డ్రైవరు డిపో అంతా తిరిగి చూశాడు. ఇంకే బస్సుకీ అలాంటి అద్దం లేదు. రెండుసార్లు బ్రేకు పనుందని చెప్పి అతని బస్సుని పూటంతా షెడ్డులో ఉంచేసింది కూడా ఆ మెకానిక్కే. బ్రేకులో ఏ లోపమూ లేదని అతని కాలికి తెలుసు.

రెండోది, ఆట.

ఆ హాలు ఆదివారం ప్రార్థనకి, శనివారం ఆటకి. కుర్చీలన్నీ పక్కనున్న సామాన్ల గదిలో దొంతర్లు పెట్టేస్తారు, పియానో మీద బంతి పడకుండా పాత పరుపు కప్పుతారు. కిటికీ దగ్గర ఒకచోట చెక్కనేల మెత్తబడిపోయి బంతి సగమే లేస్తుంది. ఆ చోటు ఎక్కడో తెలిసినవాళ్ళకి రెండు పాయింట్లు ఊరికే వచ్చినట్టే. లీగు నడిపేది పాస్టరుగారు. ఆయన దగ్గర ఈల లేదు. ఎవరు ఎవర్ని గుద్దినా ఆయన అరవరు, వేలెత్తి చూపరు. ఆట ఆపి, కలం బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటారు. చేసినవాడే చెయ్యెత్తాలి. ఎత్తి, తన చొక్కా మీది నంబరు తనే చెప్పాలి. అప్పుడు పుస్తకంలో రాసుకుంటారు. ఎవరూ ఎత్తకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. ఒకసారి పోస్టాఫీసు జట్టులో ఒకాయన బిగదీసుకుని నిలబడితే పదకొండు నిమిషాలు అందరూ నిలబడ్డారు. పన్నెండో నిమిషంలో ఆయనకి ఏడుపొచ్చి చెయ్యెత్తాడు. ఐదుసార్లు ఎత్తినవాడు బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి.

ఆరేళ్ళలో బావ చెయ్యెత్తింది మహా అయితే పదిసార్లు. చీమ ఎదురొచ్చినా దారిచ్చి పక్కకి జరిగే మనిషి. అలాంటిది ఈ నెలలో మూడు ఆటల్లో వరసగా, సగం సమయం కాకముందే ఐదుసార్లు చెయ్యెత్తి బెంచీ ఎక్కాడు. పాస్టరుగారు కలం కింద పెట్టీపెట్టకముందే బావ చెయ్యి గాల్లో ఉండేది. జట్టులో ఉన్నదే ఐదుగురు. మూడు ఆటలూ నలుగురితో ఆడి ఓడిపోయారు. కెప్టెనే కావాలని ఓడిస్తున్నాడంటే దాని అర్థమేమిటి? బంతి కూడా డ్రైవరుకి కుడి పక్క నుంచే వస్తోంది. ఇదివరకు మాస్టారు ఎడమ పక్క నిలబడి, చూడకుండానే విసిరేవారు, ఇతను చూడకుండానే పట్టేవాడు. ఇప్పుడు ఆయన అటు నిలబడ్డా సరే, బంతిని తిప్పి తిప్పి కుడి పక్కకి చేర్చి ఇస్తున్నారు, ఆలోగా అవతలివాళ్ళు లాక్కుంటున్నారు. పొగ పెట్టడమంటే ఇదే.

మూడోది, కళ్ళజోడువాడు. కిందటి గురువారం సాయంత్రం ప్రాక్టీసుకి మాస్టారు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చారు. తెలిసినవాడే, ఆరో ఆటగాడిగా పనికొస్తాడేమో చూద్దామన్నారు. వాడికి బంతి పట్టుకోవడం కూడా రాదు. పుచ్చకాయని ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తాడు. ఆడకుండా డ్రైవరు చుట్టూనే తిరిగాడు. ఓసారి ఎడమ పక్క నుంచి బంతి విసిరి, అది చెవికి తగిలితే క్షమించమన్నాడు. కాసేపటికి మళ్ళీ అక్కణ్ణుంచే విసిరాడు. తర్వాత తలుపు దగ్గర మాస్టారితో చాలాసేపు చెవులు కొరుక్కుని వెళ్ళిపోయాడు. ఆ నడకా, ఆ శుభ్రమైన గోళ్ళూ చూసి, తనిఖీ ఆఫీసు మనిషే అయ్యుంటాడని డ్రైవరు తేల్చేశాడు.

ఇంట్లో చెబితే భార్య అంతా విని, మీ స్నేహితులకి మీ ఉద్యోగం తీయించి ఒరిగేదేముందండీ అంది. అదే తెలుసుకోవాలన్నాడతను. అంటూ చెయ్యి జాపితే ఎడమ పక్కనున్న టీ గ్లాసు తగిలి బల్లంతా టీ అయింది. గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదా అని ఆమె మీద ఎగిరాడు. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టానంది ఆమె, గుడ్డతో తుడుస్తూ. ఆవిడ కూడా వాళ్ళతో కలిసిపోయిందేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనకి అతనికే సిగ్గేసింది, కానీ ఆలోచన పోలేదు.

బుధవారం మనసు అసలే బాగాలేదనుకుంటే, ఆసుపత్రి మలుపులో ఒక సైకిలాయన ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో బస్సు ఎడమ పక్కన ఊడిపడ్డాడు. డ్రైవరు బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. చూస్తే సైకిలాయన ఒక కాలు ఫుట్‌పాత్ మీద ఆనించి నిలబడి ఉన్నాడు. సంచిలోని బత్తాయిలు రోడ్డంతా దొర్లుతున్నాయి, హ్యాండిలు మీద చెయ్యి వణుకుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, కళ్ళు కనబడవా అని అరిచాడు.

శనివారం వచ్చింది. లీగులో ఆఖరి ఆట, పోస్టాఫీసు జట్టుతో. ఆ రోజు బావ కూడా విడిగా వస్తానన్నాడు. డ్రైవరు కావాలనే ముందుగా వెళ్ళాడు. సామాన్ల గదిలో మాటలు వినిపిస్తే, కుర్చీల దొంతర వెనక ఆగి చెవి ఒగ్గాడు. బావ గొంతు, మెకానిక్కు గొంతు.

"ముప్పయ్యో తారీఖు దాకా నోరెత్తొద్దు," అన్నాడు బావ. "తనిఖీలో వాళ్ళే చూసుకుంటారు. మన చేతికి మట్టి అంటదు."

"అప్పటిదాకా ఆగడం భయంగా ఉంది బావగారూ."

ఇంకేం కావాలి? ఒకడు తన అక్కని చేసుకున్నవాడు, ఇంకొకడు తను దగ్గరుండి డిపోలో పెట్టించినవాడు. మీద పడి ఇద్దర్నీ గొంతు పట్టుకుని అడిగేద్దామనుకున్నాడు. కానీ ఆట అయ్యాక అందరి ముందూ, పాస్టరుగారి ముందూ అడిగి కడిగేస్తే వాళ్ళకి మొహం దాచుకోవడానికి చోటుండదు. అలా అనుకుని పళ్ళు బిగించి చొక్కా మార్చుకున్నాడు. అతని నంబరు ఏడు.

ఆ రోజు కోపంతో ఆడాడు, కోపంలో బాగా ఆడాడు. సగం ఆటయ్యేసరికి జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. బావ అప్పటికే మూడుసార్లు చెయ్యెత్తాడు. అంతలో బంతి బుట్ట వెనకున్న బోర్డుకి తగిలి పైకి లేచింది. డ్రైవరు దానికోసం ఎగిరి, అందుకుని, మోచేతులు చాపి దిగాడు. తలుపు రెక్క తగిలినంత మెత్తగా ఏదో తగిలినట్టయింది. తిరిగి చూసేసరికి అవతలి జట్టు పోస్టుమాన్ నేల మీద కూర్చుని ఉన్నాడు, నోటికి అడ్డం పెట్టుకున్న చేతివేళ్ళ మధ్య నుంచి రక్తం కారుతోంది.

అందరూ ఆగారు. పొడుగోడు తడిగుడ్డకోసం పరిగెత్తాడు. పాస్టరుగారు కలం బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నారు.

డ్రైవరు ఎవరా అని చుట్టూ చూశాడు. ఇంతలో మెకానిక్కు చెయ్యెత్తాడు.

"దించు చెయ్యి," అన్నాడు డ్రైవరు. "నువ్వు అవతలి బోర్డు కింద ఉన్నావు. నేను చూశాను."

మెకానిక్కు దించలేదు. బావ చెయ్యి కూడా లేచింది.

"నువ్వూ దించు బావా. నువ్వు పియానో దగ్గరున్నావు." అతనికి ఇప్పుడు నిజంగానే ఒళ్ళు మండింది. "ఏమిటీ నాటకం? ఒక మనిషికి మూతి పగిలితే చేసినవాణ్ణి వదిలేసి మీరెందుకు ఎత్తుతున్నారు? ఎవర్ని కాస్తున్నారు?"

మాస్టారు నేల మీది గీతని చూస్తున్నారు. పోస్టుమాన్ తడిగుడ్డ పెదవి మీంచి తీశాడు. అతని గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"అన్నా, మీ మోచెయ్యి చూసుకోండి."

డ్రైవరు కుడి మోచెయ్యి చూసుకున్నాడు. ఏమీ లేదు. ఎడమది చూసుకోవడానికి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది. మోచేతి మీద రక్తం ఉంది. చొక్కా చేతి అంచుకి కూడా అంటింది.

హాల్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. ఆ కుళాయి బాగుచేస్తానని బావ ఆరునెలలుగా చెబుతున్నాడు. డ్రైవరు తిన్నగా ఎదుటి గోడనున్న బోర్డు వైపు తిరిగి, కుడి కన్ను అరచేత్తో మూశాడు. బోర్డు మధ్యలో ఒక ముక్క కనిపించింది. దాని చుట్టూ గోడ ఉండాల్సిన చోట ఏమీ లేదు. చీకటి కూడా లేదు. అసలు అక్కడ ఏదైనా ఉందన్న ఊహే లేదు. చెయ్యి తీశాడు.

"బావా, నా ఎడమ పక్కకి వచ్చి నిలబడు," అన్నాడు మెల్లగా. "చెయ్యి ఊపు."

అడుగుల చప్పుడు వినిపించింది. డ్రైవరు బోర్డునే చూస్తూ ఆగాడు.

"ఊపవేం?"

"ఊపుతూనే ఉన్నానురా," అన్నాడు బావ.

తర్వాత ఒకరి మాట ఒకరు అందుకుంటూ అంతా చెప్పేశారు. ఐదు వారాల కిందట మాస్టారు ఎడమ నుంచి విసిరిన బంతి అతని దవడకి తగిలింది, అతను చెయ్యి కూడా ఎత్తలేదు. అప్పణ్ణుంచి గమనిస్తున్నారు. అవతలి జట్టువాళ్ళని అతను ఎడమ చేత్తో గుద్దుతున్నాడు, గుద్దినట్టు అతనికే తెలియడం లేదు. ఆట ఆగితే నలుగురి కళ్ళూ అతని మీద పడతాయి, డిపోదాకా మాట వెళుతుంది. అందుకని బావ తన చెయ్యెత్తాడు. అద్దం బిగించింది అందుకే, బస్సుని షెడ్డులో పెట్టింది అందుకే. కళ్ళజోడువాడు కంటి ఆసుపత్రిలో పరీక్షలు చేసే మనిషి. కంటి నరం ఎండిపోతున్నట్టుంది, వెంటనే తీసుకురండి, పోయింది రాదు గానీ ఉన్నది నిలబెట్టొచ్చని చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఇతనితో చెప్పడానికే నలుగురికీ నోరు రాలేదు.

"తనిఖీలో వాళ్ళే పట్టుకుంటారనుకున్నాం అన్నా," అన్నాడు మెకానిక్కు. "మా నోటితో చెప్పక్కర్లేకుండా."

"తనిఖీలో ఏం పట్టుకుంటారు? కంటి పరీక్షకి ఇరవై రెండేళ్ళుగా అదే అక్షరాల బోర్డు. నాకు కంఠతా వచ్చు. నీకూ తెలుసు."

మెకానిక్కు తల దించుకున్నాడు.

వాళ్ళ మీద పెంచుకున్న అనుమానం వట్టిదని తేలినందుకు డ్రైవరుకి మనసు తేలికపడాలి. ఒక్క క్షణం పడింది కూడా. వీళ్ళు తనకి గొయ్యి తవ్వలేదు, తన తప్పులు నెత్తినేసుకుని మూడు ఆటలు ఓడిపోయారు. ఆ ప్రేమకి కళ్ళు చెమర్చాయి. అంతలోనే ఖాళీ వ్యాను గుర్తొచ్చింది. మాస్టారి నడక, కొత్త సైకిలు, బేకరీ నుంచి అటే రావడం.

"నా వ్యాను ఎక్కడానికి భయపడ్డారు," అన్నాడు.

పొడుగోడు అవునన్నట్టు తలూపాడు.

"నా బస్సు రోజూ ఎంతమంది ఎక్కుతారో తెలుసా మీకు?"

మాస్టారు చేత్తో మొహం రుద్దుకున్నారు. డ్రైవరుకి వాళ్ళ మీద వచ్చినంత కోపమూ చుట్టూ తిరిగి తన దగ్గరికే వచ్చింది. గీతలు డిపోలో ఎవరో గీశారని నమ్మాడు. మెకానిక్కుని అనుమానించాడు, బావని అనుమానించాడు, కట్టుకున్నదాన్ని అనుమానించాడు. అనుమానించనిది ఒక్క తన కన్నునే. రోడ్డు మీద బత్తాయిలు దొర్లడం కనిపించింది. హ్యాండిలు మీద వణుకుతున్న చెయ్యి కనిపించింది. ఆ మనిషితో తను అరిచిన మాట చెవిలో మోగింది.

అతను పాస్టరుగారి బల్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"నంబరు?" అన్నారు పాస్టరుగారు, ఎప్పుడూ అడిగినట్టే.

"ఏడు."

ఆయన రాసుకున్నారు. డ్రైవరు చెయ్యి దించలేదు.

"ఇంకోటుందండీ. బుధవారం, ఆసుపత్రి మలుపులో, ఒక సైకిలాయన. తప్పు నాది. ఆయన్నే తిట్టాను."

పాస్టరుగారు కలం పట్టుకుని పుస్తకం వైపు చూశారు. దాన్ని రాయడానికి అందులో గడి లేదు. కాసేపటికి ఆయన కలం మూత పెట్టి, ఇవాళ్టికి చాలు నాయనా, చెయ్యి దించు అన్నారు.

డ్రైవరు పోస్టుమాన్ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాడు. బయటికి వచ్చి, వ్యాను తాళాలు బావ చేతిలో పెట్టి, ఎప్పుడూ బావ కూర్చునే ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండానే మాస్టారు, మెకానిక్కు, మధ్యలో పొడుగోడు వెనక ఎక్కారు. నెల తర్వాత వ్యాను నిండింది.

"ఇంటికేనా?" అన్నాడు బావ.

"డిపోకి. ఆఫీసరు ఆరింటిదాకా ఉంటాడు. రేపు పొద్దున నా బస్సు ఎవరికివ్వాలో చూసుకోవాలి కదా."

బావ బండి తీశాడు. డ్రైవరు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మలుపు దగ్గరికి వచ్చాక బావ, నడుపుతున్నది తనే అయినా, అలవాటు కొద్దీ "ఎడమపక్క సైకిలు" అన్నాడు. డ్రైవరు తల పూర్తిగా తిప్పి చూశాడు. నిజంగానే ఉంది, తన కిటికీకి జానెడు దూరంలో.